జెరికో అంటే నాకెందుకిష్టం



ఈ పూట ఒక వీడియో గేమ్ గురించి మాట్లాడతాను. దాని పూర్తి పేరు క్లైవ్ బార్కర్స్ జెరికో. ఆడేవాళ్లు జెరికో అనే అంటారు. 2007 అక్టోబరులో వచ్చింది. కంప్యూటర్లో ఆడొచ్చు, ప్లేస్టేషన్ 3లో ఆడొచ్చు, ఎక్స్‌బాక్స్ 360లో ఆడొచ్చు. వచ్చిన కొద్దిరోజులకే సమీక్షకులు దాన్ని పక్కన పెట్టేశారు. పత్రికలూ వెబ్‌సైట్లూ వేసిన మార్కులన్నీ పోగేసి సగటు తీస్తే నూటికి 60 దగ్గర తేలింది. మన పరీక్షల్లో 60 అంటే ఫస్ట్ క్లాసు. గేముల లోకంలో 60 అంటే కొనొద్దని చెప్పినట్టే.

నాకు ఆ ఆటంటే చాలా ఇష్టం. సమీక్షలన్నీ చదివాకే ఆడాను, ఆడాక మళ్లీ చదివాను. వాటిలో అబద్ధం ఒక్కటీ కనిపించలేదు. అయినా ఇష్టం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో చెప్పాలనే ఈ ప్రసంగం.

ఈ తరహా ఆటలు ఎరగని శ్రోతల కోసం ముందు రెండు ముక్కలు. ఫస్ట్ పర్సన్ షూటర్ అని ఒక రకం ఉంది. అందులో మన పాత్ర తెర మీద కనపడదు. దాని కళ్లతోనే మనం చూస్తాం. కింద రెండు చేతులు, చేతుల్లో తుపాకీ, ఎదురుగా లోకం. 1993లో వచ్చిన డూమ్ అనే ఆట ఈ పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చింది. అందులో మీదికొచ్చేవి నరకం నుంచి వచ్చిన భూతాలే. అంటే షూటరూ హారరూ చాలా ముందునుంచే జంటగా నడుస్తున్నాయి. కానీ ఆ జంటకి తెగని పేచీ ఒకటుంది. భయం పుట్టేది ఏమీ చేయలేని స్థితిలో. చేతిలో తుపాకీ, సంచీ నిండా గుళ్లు ఉన్నవాడు ఎంతసేపని భయపడతాడు? మొదటి గదిలో ఉలిక్కిపడతాడు, రెండో గదిలో గురి చూస్తాడు, మూడో గదిలో లెక్కపెడతాడు. ఈ పేచీని ఒక్కో ఆట ఒక్కోలా తీర్చుకుంది. 2005లో వచ్చిన ఫియర్ అనే ఆటలో ఎర్రగౌను వేసుకున్న చిన్నపిల్ల కనిపిస్తూ ఉంటుంది. ఎదుట ఉన్న సైనికులందరినీ తూటాలతో పడగొట్టొచ్చు, ఆ పిల్ల ముందు మాత్రం తుపాకీ ఎందుకూ పనికిరాదు. భయమంతా అక్కడ దాచారు.

జెరికో ఈ పేచీ జోలికే పోలేదు. నిజం చెప్పాలంటే జెరికో భయపెట్టదు. హారర్ అని చెప్పి భయపెట్టలేదేమిటన్నది దాని మీద పడ్డ అభియోగాల్లో ఒకటి. ఆ మాట సరే గానీ, అది అడగవలసిన ప్రశ్న కాదని నా అభిప్రాయం. ఆట పేరులో ఉన్న రచయిత క్లైవ్ బార్కర్ ఏ పుస్తకంలోనూ మనల్ని చీకటి చూపించి భయపెట్టడు. దీపం వేసి మరీ చూపిస్తాడు.

బార్కర్ 1952లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టాడు. 1984లో బుక్స్ ఆఫ్ బ్లడ్ అనే కథల సంపుటాలు మొదలుపెట్టి, హారర్ రాసేవాళ్లలో ఒక్కసారిగా ముందు వరుసకి వచ్చాడు. తన నవలికనే తీసుకుని 1987లో హెల్‌రైజర్ సినిమా తీశాడు. తలంతా మేకులు దిగేసి ఉన్న ఆ పాత్ర బొమ్మని చాలామంది శ్రోతలు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అతను చిత్రకారుడు కూడా. పెద్దపెద్ద నూనెరంగుల బొమ్మలు వేస్తాడు. అతని హారర్‌లో దయ్యం దాక్కోదు, ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఆ రూపం చూస్తే అసహ్యం వేస్తుంది, చూపు తిప్పుకోబుద్ధి కాదు. ఒక్కోసారి అందంగా కూడా ఉంటుంది. తులసిదళం అనే క్షుద్ర నవల సీరియల్‌గా వస్తున్న రోజుల్లో వారపత్రిక కోసం కాచుకు కూర్చున్న పాఠకులకి ఈ లాగుడు ఎలాంటిదో నేను వేరే చెప్పక్కర్లేదు. క్షుద్ర నవలల్ని విమర్శకులు తిట్టారు. ఆ తిట్లలో న్యాయమూ ఉంది. చదివిన వాళ్లు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇక జెరికో కథ. సృష్టికి మొదట్లో దేవుడు ఒక ప్రాణిని చేశాడు. అది ఆడా కాదు, మగా కాదు. మంచీ కాదు, చెడూ కాదు. దాన్ని చూసి కలతపడి పాతాళంలో పడేసి, తలుపు మూసేసి, ఆ తర్వాత మనుషుల్ని చేశాడు. ఆ ప్రాణి పేరు ఫస్ట్‌బార్న్. అంటే తొలిచూలు. అది బయటికి రావాలని చూస్తూనే ఉంది. ఎడారి మధ్య అల్ ఖాలీ అనే నగరం దగ్గర లోకానికి బీట ఉంది. ఫస్ట్‌బార్న్ అక్కడ తలెత్తినప్పుడల్లా ఆ కాలానికి చెందిన ఏడుగురు మాంత్రికులు ప్రాణాలొడ్డి దాన్ని మళ్లీ లోపలికి నెట్టారు. నెట్టిన ప్రతిసారీ అది ఊరికే పోలేదు, ఆ కాలంలోంచి ఒక ముక్క కొరుక్కుని తనతో తీసుకుపోయింది. ఆ ముక్కలన్నీ లోపల అలాగే ఉన్నాయి. పైన ఇప్పటి శిథిలాలు. దాని లోపల రెండో ప్రపంచ యుద్ధం. దాని లోపల క్రైస్తవుల క్రూసేడులు. దాని లోపల రోము. అన్నింటికన్నా అడుగున సుమేరియా.

ఈ ఒక్క ఊహ చాలు, నేను ఆట మొత్తానికి ఋణపడి ఉండటానికి. షూటర్ ఆటల్లో ముందుకు వెళ్లడం అంటే మామూలుగా ఇంకో ఊరు, ఇంకో శత్రువు, ఇంకాస్త పెద్ద తుపాకీ. ఇందులో ముందుకు పోయేకొద్దీ వెనక్కి పోతాం. ప్రతి మెట్టూ ఒక కాలం. ప్రతి కాలంలోనూ అక్కడ ఇరుక్కుపోయిన మనుషులు ఉంటారు. చచ్చిపోలేదు, బతికి లేరు. బతికుండగా ఏ పాపం చేశారో అదే ఇప్పటికీ చేస్తూ ఉంటారు. రోము నుంచి వెలి వేయబడిన కాసస్ వికస్ అనే గవర్నర్ అక్కడ తన తిండి యావతో, తన భోగంతో, ఉబ్బిపోయిన దేహంతో ఇంకా ఏలుతూనే ఉన్నాడు. ఏలడానికి ఏమీ మిగల్లేదు, పాలన మాత్రం ఆగలేదు. అతన్ని చూసినప్పుడు నాకు కలిగింది భయం కాదు. శిక్ష అంటే ఇలా కూడా ఉండొచ్చు కదా అన్న ఆలోచన.

క్రూసేడుల ముక్కలో ఇంకో సంగతి ఉంది. 1212లో ఫ్రాన్సు, జర్మనీ ప్రాంతాల నుంచి పిల్లలు జెరూసలేముకి బయల్దేరారని చరిత్రలో ఒక కథ. పిల్లల క్రూసేడు అంటారు. ఎవరూ జెరూసలేం చేరలేదు. దారిలో చాలామంది పోయారనీ, కొందర్ని బానిసలుగా అమ్మేశారనీ చెప్పుకున్నారు. అందరూ పిల్లలేనా, ఎంతమంది అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ పిల్లల ఆత్మలు జెరికోలో ఎదురవుతాయి. వందల రాక్షసుల్ని ఆలోచించకుండా కాల్చిన వేలు అక్కడ ఆగుతుంది. పెద్దల మతావేశానికి పిల్లలు బలైన సంగతిని ఒక షూటర్ ఆట, అదీ 60 మార్కుల ఆట, మన ఎదుటికి తెచ్చి నిలబెట్టింది. ఇలాంటి చోటు ఒక్కటి లేకుండా 90 మార్కులు తెచ్చుకున్న షూటర్లని నేను చాలానే ఆడాను.

ఆడే పద్ధతి గురించి చెప్పాలి. మన పాత్ర పేరు కెప్టెన్ డెవిన్ రాస్. జెరికో అనే ఏడుగురి దళానికి నాయకుడు. దళంలో ప్రతివాడికీ ఏదో ఒక విద్య వచ్చు. రాస్ కథ మొదట్లోనే చచ్చిపోతాడు. నాయకుడు చచ్చిపోయాక అసలు ఆట మొదలవుతుంది. అతని ఆత్మ మిగిలిన ఆరుగురిలో ఎవరి ఒంట్లోకైనా వెళ్లగలదు. ఒక్క బటన్ నొక్కితే ఈ దేహంలోంచి ఆ దేహంలోకి. పరకాయ ప్రవేశం కథలు వింటూ పెరిగిన వాళ్లం, మనకి దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఆ ఆరుగురిలో అబిగెయిల్ బ్లాక్ అనే ఆవిడ ఉంది. దూరం నుంచి గురిపెట్టే స్నైపర్. ఆమె తూటాని మనసుతో నడపగలదు. ట్రిగ్గర్ నొక్కగానే కాలం నెమ్మదిస్తుంది, మన చూపు తుపాకీని వదిలి తూటా వెనకాల బయల్దేరుతుంది. గాలి చుట్టూ ముడుచుకుంటుంది. బొటనవేలితో కంట్రోలర్ స్టిక్‌ని కొద్దిగా పక్కకి తిప్పితే తూటా వంపు తిరుగుతుంది. స్తంభం పక్క నుంచి పోనిచ్చి ఒకడి తలలోంచి దూర్చి, అదే ఊపులో ఎడమకి లాగి, వెనక మెట్ల మీద నిలబడ్డవాడి వైపు తిప్పాలి. ఎక్కువ తిప్పితే గోడకి కొట్టుకుంటుంది. తిప్పకపోతే దాటిపోతుంది. ఆ రెండు మూడు క్షణాల్లో ఆడేవాడి చేతివేళ్లకి ఉన్నంత పని ఇంకే షూటర్లోనూ నేను చూడలేదు. ఆ విద్య ఆటలో మొదటి నుంచి చివరి దాకా నాకు ముఖం మొత్తలేదు.

బిల్లీ చర్చ్ తన నెత్తుటితోనే మంత్రం వేసి శత్రువుల్ని కదలకుండా కట్టేస్తుంది. డెల్గాడో చేతిలో ఒక అగ్నిభూతం కాపురం ఉంటుంది, పంపితే పోయి కాల్చి వస్తుంది. సిమోన్ కోల్‌ది లెక్కల విద్య, కాలాన్ని మెలితిప్పుతుంది. జోన్స్ ఒళ్లు వదిలి బయటికి పోయి వస్తాడు. ఆరో మనిషి ఫాదర్ పాల్ రాలింగ్స్. చర్చి ఫాదరే, రెండు చేతుల్లో రెండు పిస్తోళ్లు. పడిపోయిన తోటివాళ్లని దూరం నుంచే లేపగలగడం ఆయన విద్య.

ఇక్కడ లోపాల సంగతికి రావాలి. లోపాలున్నాయి, పెద్దవే ఉన్నాయి. దారులన్నీ ఇరుకు. పక్కకి పోయే వీలు లేదు, ఒకే దారిన తోలుకుపోతారు. కొన్ని చోట్ల తెర మీద బటన్ బొమ్మలు వస్తాయి, అవి కనపడిన వెంటనే నొక్కాలి. క్షణం ఆలస్యమైతే లోయలో పడి చస్తాం, మళ్లీ మొదటి నుంచి. రంగులు చూస్తే గోధుమ, నలుపు, నెత్తురు. శత్రువుల రకాలు తక్కువ, వచ్చేవాళ్ల సంఖ్య ఎక్కువ. ఒక పోరు ముగిసి గాలి పీల్చుకునేలోపు ఇంకో పోరు. ముగింపు హఠాత్తుగా తెగిపోతుంది. ఇంత కథ చెప్పినవాళ్లు చివర్లో రెండు మాటలు చెప్పకుండా వెళ్లిపోయారే అని నాకూ బాధ వేసింది. అన్నిటికన్నా ఎక్కువమంది విసుక్కున్నది మన వెంట వచ్చేవాళ్ల తీరు. కంప్యూటర్ నడిపించే ఆ అయిదుగురికి ప్రాణం మీద తీపి లేదు. శత్రువు మీదికొస్తుంటే తప్పుకోరు. ఒకణ్ణి లేపేలోపు ఇద్దరు పడతారు. ఆట ఆడుతున్నామా, ఆస్పత్రి నడుపుతున్నామా అన్నట్టుంటుంది.

ఈ చివరి లోపం దగ్గరే నాకు ఆట అర్థమైంది. కొన్ని పోరాటాల తర్వాత నేను కాల్చడం తగ్గించి, ఎక్కువసేపు రాలింగ్స్ ఒంట్లోనే ఉండటం మొదలుపెట్టాను. గది మధ్యకి పోకుండా గోడ వారగా నిలబడి, ఎవరు పడుతున్నారో చూస్తూ, పడినవాళ్లని లేపుతూ. ఎటు చూడాలన్నది మారిపోయింది. మామూలుగా షూటర్లో కళ్లు శత్రువు మీద ఉంటాయి. ఇప్పుడు మనవాళ్ల మీద ఉన్నాయి. బ్లాక్ ఎక్కడుంది, డెల్గాడో పడ్డాడా, చర్చ్ ఒంటరిగా ముందుకు పోయిందా. చచ్చిపోయిన నాయకుడు తన దళాన్ని బతికించుకోవడానికి ఒక ఫాదర్ దేహంలో ఉండిపోవడం కథకి కూడా సరిపోయింది. చేసినవాళ్లు ఇది కావాలని పెట్టలేదు. వాళ్లు ఆ అయిదుగురికి తెలివి సరిగ్గా ఇవ్వలేకపోయారు, అంతే. అయినా ఆడేవాడి చేతిలో ఆ లోటు ఇంకోలా పనికొచ్చింది. చేసినవాడు అనుకోనిది ఆడినవాడికి దొరకడం ఈ కళలో ఉన్న గొప్ప వెసులుబాటు.

కళ అన్నాను. ఆ మాట మీద ఆ 2007లోనే పెద్ద వాదం నడిచింది. అందులో ఒక పక్షం బార్కర్‌దే. అమెరికాలో రోజర్ ఈబర్ట్ అని మహా పేరున్న సినిమా విమర్శకుడు ఉండేవాడు, షికాగో సన్ టైమ్స్ పత్రికలో రాసేవాడు. గేములు ఉన్నత కళ కాలేవని ఆయన వాదన. కథని ఎటు తీసుకుపోవాలో రచయిత నిర్ణయిస్తేనే కళ, ఆడేవాడి చేతికి వదిలేస్తే కాదన్నాడు. జెరికో విడుదలకి కొన్ని నెలల ముందు బార్కర్ ఒక సభలో దీన్ని ఖండించాడు. ఆడేవాడు రకరకాల భావాల గుండా ప్రయాణం చేయగల లోకాన్ని కట్టివ్వడం కళ ఎందుకు కాదని అడిగాడు. జులైలో ఈబర్ట్ తన కాలమ్‌లో ఒక్కో మాటకీ జవాబు రాశాడు. ఆ వాదం చాలాకాలం సాగింది. 2010లో ఈబర్ట్ తన అభిప్రాయం అదేనంటూనే, ఆటలు ఆడకుండా ఆ మాట అని ఉండాల్సింది కాదని ఒప్పుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ రోజునే. నేను బార్కర్ పక్షం. పడిపోయినవాళ్లలో ముందు ఎవరిని లేపాలన్న తొందరలో నాకు కలిగినది సినిమాలో కలగదు, నవలలో కలగదు. అక్కడ లేపేది నేను కాదు కాబట్టి.

మరి అంత వాదించిన మనిషి ఆటకి సమీక్షలు ఎందుకు అలా వచ్చాయి? లోపాలు ఒక కారణం. రెండో కారణం ఋతువు. 2007 ఆగస్టులో బయోషాక్ వచ్చింది, సెప్టెంబరులో హేలో 3. అక్టోబరులోనే ఆరెంజ్ బాక్స్ వచ్చింది, పోర్టల్ అందులోదే. నవంబరులో కాల్ ఆఫ్ డ్యూటీ 4, క్రైసిస్. షూటర్ల చరిత్రలో అంత పంట పండిన సంవత్సరాలు అరుదు. ఆ నాలుగు నెలల్లో మధ్యన వచ్చిన ఆటని ఎవరైనా వాటి పక్కన పెట్టే చూస్తారు. నేను పదేళ్ల తర్వాత ఆడిన వాళ్లతో మాట్లాడాను. వాళ్లు దాన్ని దేని పక్కనా పెట్టలేదు.

మూడో కారణం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. సమీక్షకుడికి గడువు ఉంటుంది. ఆట విడుదలయ్యే వేళకి రివ్యూ సిద్ధంగా ఉండాలి. పది గంటల ఆటని ఒకటి రెండు విడతల్లో పూర్తిచెయ్యాలి. జెరికో అలా ఆడితే నిజంగానే భరించలేం. గంటల తరబడి చీకటి, నెత్తురు, అరుపులు, ఎడతెగని పోరు. మనసు మొద్దుబారి, మూడో గంటకల్లా ఏదీ కనపడదు. రాత్రికి ఒక అధ్యాయం చొప్పున ఆడితే అదే ఆట వేరుగా ఉంటుంది. ఒక కాలం ఆడి కట్టేస్తాం. మర్నాడు పనిలో ఉండగా ఆ గవర్నర్ గుర్తొస్తాడు. సమీక్షకుడు రాసింది తను ఆడిన ఆట గురించి, నిజాయితీగా. నేను చెప్తున్నది నేను ఆడిన ఆట గురించి. ఆడిన వేగం మారితే ఆట మారింది.

సమీక్షల మార్కులే ఆట తలరాత తేల్చవనడానికి ఒక ఉదాహరణ చెప్పనివ్వండి. 2001లో బార్కర్ పేరు మీద అన్‌డైయింగ్ అనే ఆట వచ్చింది. 1920ల ఐర్లండులో పాత భవంతి. అందులో స్క్రై అనే మంత్రం ఉంది, వేస్తే మామూలు కంటికి కనిపించనివి కనిపిస్తాయి. నడవాలో గోడకి వేలాడే కుటుంబ చిత్రపటాల ముందు నిలబడి ఆ మంత్రం వేస్తే, అదే పటంలో వేరే దృశ్యం ఉంటుంది. ఒక పాత్రకి బార్కరే గొంతు ఇచ్చాడు. ఆ ఆటని సమీక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. జనం కొనలేదు. అనుకున్న రెండో భాగం రాలేదు. మెచ్చుకున్నదాన్ని కొనని జనమే, మెచ్చుకోనిదాన్ని కూడా వదిలేశారు. బార్కర్ ఆటలకి రెండు వైపులా దెబ్బే.

జెరికోని తయారుచేసింది స్పెయిన్‌లోని మాడ్రిడ్‌కి చెందిన మెర్క్యురీస్టీమ్ సంస్థ. అచ్చువేసి అమ్మింది బ్రిటన్‌కి చెందిన కోడ్‌మాస్టర్స్. రెబెల్ యాక్ట్ అనే స్టూడియో మూతపడ్డాక అక్కడివాళ్లు కొందరు కలిసి 2002లో మెర్క్యురీస్టీమ్ పెట్టుకున్నారు. జెరికో దెబ్బతో వాళ్లు ఆగిపోలేదు. 2010లో కాసల్‌వేనియా లార్డ్స్ ఆఫ్ షాడో చేసి పేరు తెచ్చుకున్నారు. 2021లో నింటెండో కోసం మెట్రాయిడ్ డ్రెడ్ చేస్తే, ఆ ఏడాది గేమ్ అవార్డుల్లో యాక్షన్ అడ్వెంచర్ విభాగంలో అదే గెలిచింది. జెరికోలో ఆ పాడుబడిన కోటల ఎత్తులు, గోడల మీద చెక్కడాలు, కాలాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్న కట్టడాలు చూసినవాళ్లకి కాసల్‌వేనియాలో ఆ చేయి గుర్తుపట్టడం కష్టం కాదు.

ఆడాలనుకునే వాళ్లకి కొన్ని మాటలు చెప్పి ముగిస్తాను. ఇది పూర్తిగా పెద్దవాళ్ల ఆట. నెత్తురు చూడలేని వాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలు మేలుకుని ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. స్పీకర్లలో కాకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి. క్రిస్ వెలాస్కో సంగీతం స్పీకర్లలో సగం పోతుంది. కష్టంగా ఉంటే డిఫికల్టీ తగ్గించుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇక్కడ చూడాల్సింది ఎక్కువ, గెలవాల్సింది తక్కువ. బ్లాక్ తూటాతో మొదట దగ్గరివాళ్ల మీద చేయి తిప్పుకుని, తర్వాత దూరం పోనివ్వండి. గుంపు మీద పడినప్పుడు రాలింగ్స్ ఒంట్లోకి వెళ్లి గోడ వారగా నిలబడండి. రాత్రికి ఒక అధ్యాయం దాటొద్దు. రోము దాటి సుమేరియాలోకి దిగాక మాత్రం, పోరు ఆగిన చోటల్లా తుపాకీ దించి చుట్టూ ఉన్న కట్టడాలు తీరిగ్గా చూడండి. అక్కడ పని చేసినవాళ్లు చాలా శ్రమపడ్డారు.